బండికి కన్నదురుతోంది



ముప్పై మూడేళ్ళు తెలుగు పండితుడిగా బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విరమించినవాణ్ణి. ఛందస్సును గూర్చి వ్రాయవలసిన ఈ పుటలో మోటారుబండి దీపాల గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. అనిపించనీయండి. దీర్ఘసమాసం విప్పలేక విద్యార్థి తప్పు వ్రాస్తే పోయేది రెండు మార్కులు. దీపంలోని దోషం విప్పలేక మెకానిక్కు తప్పు చేస్తే పోయేవి ప్రాణాలు. అందుకే ఈ టపా. కొంచెం కటువుగా ఉంటుంది, ముందే చెబుతున్నాను.

నా వాదం ఇది. ఈనాడు మన ప్రాంతంలో బండ్లకు బయట కొని తగిలిస్తున్న ఎల్‌ఈడీ దీపాలు మిణుకుమిణుకుమంటే, ఎందుకు మిణుకుతున్నాయని అడిగే అలవాటు పోయింది. మార్చడం, తగిలించడం, మళ్ళీ మార్చడం, ఇంతే మిగిలింది. ఉర్దూ నుండి మనకు వచ్చిన 'మరమ్మతు' అనే చక్కని మాట చచ్చిపోయి 'రీప్లేస్‌మెంటు' అనే మాట గద్దెనెక్కింది. దానికి మూల్యం చెల్లిస్తున్నది బండిలో కూర్చున్న మనం కాము, అడవిదారి అంచున చీకట్లో నడిచిపోయే జనం.

ఇక జరిగినది చెబుతాను.

ముక్కోటికి ముందునాటి సాయంత్రం భద్రాచలంలో తెప్పోత్సవం చూసి, రాత్రి పదిన్నర ప్రాంతంలో పాల్వంచకు తిరుగుప్రయాణమయ్యాం. బండి మా అల్లుడు గారు నడుపుతున్నారు. వెనుక నేను, నా భార్య, ఒడిలో నిద్రపోతున్న మనుమరాలు. వంతెన దాటి, సారపాక దాటి, అడవిలోకి వచ్చేసరికి ఎదురుగా గుంపులు గుంపులుగా జనం. తెల్లవారుజామున ఉత్తరద్వార దర్శనానికి కాలినడకన వస్తున్నవారు. తలమీద మూటలు, చంకలో బిడ్డలు, కొందరి చేతుల్లో మాత్రమే టార్చిలైట్లు. అంతకు నెల రోజుల ముందే మా బండికి కొత్త ఎల్‌ఈడీ బల్బులు వేయించారు. తెల్లగా, పాలు ఒలికినట్లు వెలుగు. ఆ వెలుగు చూసి నేను కూడా మురిసిపోయిన మాట నిజం.

రోడ్డులో ఒక గుంత వచ్చింది. రెండు దీపాలూ తటాలున ఆరిపోయి మళ్ళీ వెలిగాయి. అల్లుడు గారు "ఏం కాదు మామయ్యా, అప్పుడప్పుడూ అలా అంటుంది" అన్నారు. ఇంకొక గుంత. ఈసారి ఆరి, వెలిగి, మళ్ళీ ఆరి వెలిగింది. ఆ రెండవ చీకటి ముగిసేసరికి బండి ముందు మనుషులున్నారు. బ్రేకు పడింది. ఎవరికీ ఏమీ కాలేదు, భద్రగిరి రాముడి దయ. ఒక పెద్దాయన మూట కింద పడింది, అందులోని కొబ్బరికాయ దొర్లి తుప్పల్లోకి పోయింది. ఆయన తిట్టలేదు. కిటికీ దగ్గరకు వచ్చి, "సారూ, మీ బండికి కన్నదురుతాంది. మంచిది గాదు, సూపిచ్చుకోండి" అన్నాడు.

కన్ను, అదురు: ఉత్వసంధి. జీవితమంతా చెప్పిన సంధి ఆ రాత్రి వినబడినట్లు ఎన్నడూ వినబడలేదు. కుడికన్ను అదిరితే ఒక ఫలం, ఎడమకన్ను అదిరితే ఒక ఫలం అని మన శకునశాస్త్రం. మాకు రెండూ అదురుతున్నాయి.

లెక్క వేసుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 16 మీటర్లకు పైగా. అర సెకను చీకటి అంటే ఎనిమిది మీటర్ల దూరం కళ్ళు మూసుకొని నడపడం. ఎనిమిది మీటర్లలో ఎంతమంది పడతారో తరగతి గదిలో వరుసగా నిలబెట్టి చూసినవాడికి నాకు తెలుసు.

మరునాటి నుండి మొదలైంది యాత్ర. మొదటి దుకాణంలో, అంటే బల్బులు అమ్మిన దుకాణంలోనే, బండి నిలబెట్టి దీపం వేసి చూశారు. నిలకడగా వెలిగింది. "ఏమీ లేదు సార్, మీ బండికి కెన్‌బస్ డీకోడర్ కావాలి" అన్నారు. కెన్‌బస్ అంటే ఏమిటని అడిగాను. "అది లేకపోతే కొట్టుకుంటుంది సార్." ఇది తర్కంలో చక్రకదోషం. మా అల్లుడు గారు 1,200 రూపాయలిచ్చారు. వారం తిరగకుండా మళ్ళీ అదే కన్నదురు. రెండవ దుకాణంలో డీకోడర్‌తో బాటు లోడ్ రెసిస్టర్లు బిగించారు, 600 రూపాయలు. మూడవచోట బ్యాటరీ ముసలిదైందన్నారు, 5,200 రూపాయలు. బల్బుల జత ఖరీదు 3,500. వెరసి 10,500 రూపాయలు. దీపం మాత్రం జగన్నాథపురం దగ్గర గుంతలో యథాప్రకారం ఆరి వెలుగుతూనే ఉంది. పైగా ఆ రెసిస్టరు వేడికి పక్కనున్న వైరు తొడుగు కరిగి ముద్దయింది. ఇంకొన్నాళ్ళు గడిస్తే బండే దీపమయ్యేది.

ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా ఒక్క ప్రశ్న అడగలేదు. ఎప్పుడు కొట్టుకుంటోంది? ఒకటా, రెండూనా? కుదుపుకా, ఎక్సలేటరుకా, చాలాసేపు వెలిగిన తరువాతా? వైద్యుడు నాడి పట్టకుండా మందు వ్రాస్తే ఊరుకుంటామా? ఇక్కడ ఎందుకు ఊరుకుంటున్నాం?

విషయంలోకి రావాలంటే ముందు పాత బల్బుకూ ఎల్‌ఈడీకీ గల స్వభావభేదం తెలియాలి. పాత హాలోజెన్ బల్బులో వెలిగేది కాలిన టంగ్‌స్టన్ తీగ. కాలిన తీగకు ఓర్పు ఎక్కువ. సెకనుకు నూరుసార్లు విద్యుత్తు తెగి అతుక్కున్నా దాని ఎరుపు తగ్గేలోపే మళ్ళీ వేడెక్కుతుంది. కంటికి తేడా తెలియదు. ఎల్‌ఈడీకి ఆ ఓర్పు లేదు. విద్యుత్తు ఆగిన క్షణమే ఆరిపోతుంది, వచ్చిన క్షణమే వెలుగుతుంది. పాత బల్బు ఇంటి గుట్టు దాచే ముసలమ్మ, ఎల్‌ఈడీ ఉన్నదున్నట్లు కక్కేసే చిన్నపిల్ల. ఎల్‌ఈడీ మిణికితే దోషం ఎల్‌ఈడీదే కానక్కరలేదు. చాలాసార్లు అది ఏళ్ళ తరబడి బండిలో దాగిన దోషాన్ని బయటపెడుతోంది.

మొన్న ఒక మిత్రుడు "మాస్టారూ, ఎల్‌ఈడీలన్నీ చెత్త అని ఒక్క ముక్కలో తేల్చెయ్యండి" అని వ్రాశాడు. తేల్చను. నీలికాంతి ఎల్‌ఈడీని కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు. ఆ నీలికాంతికి పసుపుపచ్చని పూత కలిపితేనే ఈనాటి తెల్లదీపం. మా వాకిట్లో దీపం అదే, కరెంటు పోయినప్పుడు మనుమరాలు చదువుకొనే దీపం అదే. నా తగవు దీపంతో కాదు. ఆలోచించకుండా దాన్ని ఎక్కడపడితే అక్కడ గుచ్చే చేతులతో.

మన భాష ఈ విషయంలో మెకానిక్కుల కంటే తెలివైనది. మనవాళ్ళు "లైటు కొట్టుకుంటోంది" అని ఒకే మాటతో సరిపెట్టుకుంటున్నారు కానీ, తెలుగులో వెలుగు చలించడానికి ఎన్ని మాటలున్నాయో చూడండి. ప్రతి మాటకూ వేరే కారణం దొరుకుతుంది. ఇది నేను సరదాకు కల్పించిన పోలిక కాదు, బండి దగ్గర నిలబడి సరిచూసుకున్నది.

మిణుకుమిణుకు అనేది నక్షత్రం లాగా, సన్నగా, తెంపు లేకుండా ఉండేది. కొత్త బండ్లలో దీపాలను నడిపే చిన్న కంప్యూటరు ఉంటుంది. అది బల్బు బాగుందా లేదా అని మధ్యమధ్య చిటికెడు విద్యుత్తు పంపి పరీక్షిస్తుంది. కొన్ని బండ్లలో దీపానికి విద్యుత్తునే ముక్కలు ముక్కలుగా, సెకనుకు నూరు ప్రాంతంలో తుంపి పంపుతుంది. తీగ బల్బు దాన్ని మింగేస్తుంది, ఎల్‌ఈడీ మింగలేదు. దీపం ఆర్పిన తరువాత కూడా సన్నగా మిణికిందంటే కారణం ఇదే. డీకోడర్ అనే డబ్బాలో ఉండేది ముఖ్యంగా ఒక కెపాసిటర్, తునకలైన ప్రవాహాన్ని చదును చేసేది. ఈ ఒక్క రోగానికి అది మంచి మందే. మా బండిలాంటి పాతబండికి, ఆ కంప్యూటరే లేనిదానికి, అది జ్వరం లేనివాడికి మిరియాల కషాయం.

అదే కంప్యూటరు మరొక తగవు కూడా పెడుతుంది. 55 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. 25 వాట్ల ఎల్‌ఈడీ రెండు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. ఇంత తక్కువ తీసుకుంటే బల్బు మాడిందని అది అనుకొని విద్యుత్తు ఆపి, మళ్ళీ ఇచ్చి, మళ్ళీ ఆపుతుంది. దీనికి లోడ్ రెసిస్టర్ తగిలిస్తారు. అది చేసే పనల్లా మిగిలిన విద్యుత్తును వేడిగా తగలబెట్టి కంప్యూటరును మోసగించడం. విద్యుత్తు ఆదా అని చెప్పి ఎల్‌ఈడీ అమ్మారు, ఆదా అయినది తగలబెట్టడానికి రెసిస్టరు అమ్మారు. ఇంతకంటె హాస్యరసం ఏ ప్రహసనంలో ఉంది? తప్పనిసరై పెట్టినా దాన్ని ఇనుపరేకుకు బిగించాలి. వైర్లకు కట్టి వదిలేయరాదు. మాకు చేసినది సరిగ్గా అదే.

ఇండికేటర్లు టకటకా తొందరపడి కొట్టుకోవడం కూడా ఈ కుటుంబంలోదే. 21 వాట్ల బల్బు తీసి రెండు మూడు వాట్లది పెడితే పాత ఫ్లాషర్ ఒక బల్బు పోయిందని వేగం పెంచుతుంది. అక్కడ రెసిస్టర్లు కాదు, ఎల్‌ఈడీకి తగిన ఫ్లాషర్ పెట్టుకుంటే చాలు.

రెపరెప వేరు. గాలికి వత్తి అల్లల్లాడినట్లు, ఇంజను వేగంతో బాటు వెలుగు మారితే ఆల్టర్నేటరు వైపు చూడాలి. ఇంజను ఆగి ఉండగా బ్యాటరీ 12.6 వోల్టుల ప్రాంతంలో, ఇంజను తిరుగుతుండగా 14 వోల్టులకు కొంచెం అటూ ఇటూ చూపాలి. 15 దాటితే రెగ్యులేటరు చెడింది, 13కు దిగువనే ఉంటే ఛార్జింగు లేదు. పాత మోటారుసైకిళ్ళలో హెడ్‌లైటు బ్యాటరీ మీద కాక నేరుగా మాగ్నెటో మీద ఉండేది. దానిలోది అటూ ఇటూ మారే విద్యుత్తు. దానికి ఎల్‌ఈడీ తగిలిస్తే ఇంజను నెమ్మదించినప్పుడల్లా రెపరెపలాడక ఏం చేస్తుంది? మన ఏజెన్సీ గ్రామాల్లో ఇప్పటికీ తిరిగే పాత బండ్లలో సగం ఫిర్యాదులు ఇవేనని నా శిష్యుడు చెప్పాడు.

కునికిపాట్లు మరొకటి. మొదట బాగా వెలిగి ఇరవై నిమిషాల తరువాత మసకబారి జోగడం. ఎల్‌ఈడీ కాంతి చల్లనిదే కానీ దాని పీఠం మహావేడి. వెనుక చిన్న ఫ్యాను ఉంటుంది. కొత్తగూడెం, పాల్వంచ దారుల్లో బొగ్గులారీల వెనుక తిరిగే బండిలో ఆ ఫ్యాను ఎన్నాళ్ళు తిరుగుతుందో మీరే ఊహించండి. ఫ్యాను ఆగితే బల్బు తన్ను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గిస్తుంది.

ఇక మా బండిది కన్నదురు. కుదుపు వచ్చినప్పుడు మాత్రమే, రెండూ కలిసి, రెప్పపాటు. ఆ పెద్దాయన చీకట్లో, భయంలో, కొబ్బరికాయ పోయిన బాధలో ఒక్క చూపుతో చేసిన రోగనిర్ణయం మూడు దుకాణాలు 7,000 రూపాయలు తీసుకొని చేయలేకపోయాయి.

ఆ నిర్ణయాన్ని ఋజువు చేసినవాడు నా పాత శిష్యుడు. పదవ తరగతిలో తెలుగులో రెండుసార్లు తప్పాడు. ఇప్పుడు బస్టాండు వెనుక చిన్న రేకుల షెడ్డులో ఆటో ఎలక్ట్రీషియన్. నన్ను చూసి స్టూలు తుడిచి, "కూసోండి సార్. ఎప్పుడు కొట్టుకుంటాంది?" అని అడిగాడు. అదుగో ప్రశ్న. చెప్పాను. "రెండూ ఒక్కసారేనా?" అవునన్నాను. "అయితే బల్బులు కాదు సార్. రెండు బల్బులకు ఒక్కసారే రోగం రాదు గదా. రెండిటికీ ఉమ్మడిగా ఏముందో చూడాలె."

మిత్రులారా, తర్కశాస్త్రంలో అన్వయవ్యతిరేకాలంటారు. ఇది ఉన్నచోట అది ఉండడం అన్వయం, ఇది లేనిచోట అది లేకపోవడం వ్యతిరేకం. పండిత శిక్షణలో ఈ రెండు మాటలనూ కంఠస్థం చేసి పరీక్ష వ్రాసి మరచిపోయినవాణ్ణి నేను. నా చేత రెండుసార్లు తప్పించబడినవాడు వాటిని చేతులతో చేసి చూపించాడు. ఒక దీపమే కొట్టుకుంటే కుడిబల్బు ఎడమకు, ఎడమబల్బు కుడికి మారుస్తాడట. దోషం బల్బు వెంట పోతే బల్బుది, పాతచోటే నిలిచిపోతే వైరుదో హోల్డరుదో. రెండవది, బల్బుకు నేరుగా బ్యాటరీ నుండి, మధ్యలో ఫ్యూజు పెట్టి, విడి వైరుతో విద్యుత్తు ఇవ్వడం. అప్పుడు నిలకడగా వెలిగితే బల్బు నిర్దోషి. ఈ పరీక్షలకు ఖర్చు లేదు, పది నిమిషాల పని. ఎవరూ ఎందుకు చేయరంటే, అమ్ముకోవడానికి వాటిలో ఏమీ లేదు గనుక.

మా బండికి అతడు దీపాలు వేయించి, మల్టీమీటరు ఒక మొన బ్యాటరీ నెగెటివ్‌కు, రెండవ మొన హెడ్‌లైటు హోల్డరులోని ఎర్తు కాలుకు పెట్టాడు. "ఇక్కడ సున్నా రావాలి సార్. పాయింట్ రెండు దాకా పోనియ్యొచ్చు." ఒకటికి దగ్గరగా చూపింది. వైర్ల కట్టను చేత్తో కుదిపాడు. అంకె ఎగిరి గంతులు వేసింది, దీపాలు ఆరి వెలిగాయి. రెండు దీపాలకూ కలిపి బండి రేకుకు బిగించిన ఒక్క ఎర్తు బోల్టు ఉంది. దాన్ని విప్పితే పచ్చని చిలుము. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చిన వరదలో, రోడ్లు మునిగిన ఆ వారంలో, మా బండి నీళ్ళలో నడిచింది. ఇంజను ఆరబెట్టుకున్నాం, సీట్లు ఎండబెట్టుకున్నాం. ఆ బోల్టును ఎవరు చూశారు?

చిలుము పట్టిన అతుకు కుదుపుకు ఒక్క క్షణం పట్టు వదులుతుంది. ఎల్‌ఈడీ లోపలి డ్రైవరుకు విద్యుత్తు చాలినంత అందకపోతే అది ఆగిపోయి, మళ్ళీ మొదటి నుండి మేల్కొంటుంది. అందుకే రెప్పపాటు చీకటి. దుకాణం ముందు బండి కదలకుండా నిలబడి ఉంటే ఈ జబ్బు ఎట్లా కనబడుతుంది? అతడు గరుకు కాగితంతో రేకు తెల్లబడేదాకా గీకి, వైరు చివర కొత్త రింగు కొట్టి, గట్టిగా బిగించి, గ్రీసు పూశాడు. మీటరులో అంకె సున్నాకు చేరింది. ఎంత ఇమ్మంటావురా అంటే చేతులు జోడించాడు. బలవంతంగా రెండు వందలు జేబులో పెట్టాను.

ఇంతటితో ఆగితే ఇది సామాన్యమైన కథ. అసలు మాట తరువాత వచ్చింది. "పాత బల్బులు ఉన్నాయా సార్? ఒకసారి ఏసి చూద్దాం" అన్నాడు. డిక్కీలో ఉన్నాయి. వేశాడు. ఆ హాలోజెన్ వెలుగు చూసి మా అల్లుడు గారూ నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. మూడేళ్ళుగా మేము ఎరిగిన పచ్చని, నీరసపు వెలుగు కాదది. గోడ మీద గీత గీసినట్లు పడింది.

ఎందుకో వివరిస్తాను, నా మొత్తం ఫిర్యాదు ఇక్కడే ఉంది. హాలోజెన్ జత ఎల్‌ఈడీ జత కంటె రెట్టింపు విద్యుత్తు తీసుకుంటుంది కనుక ఆ చిలుము అతుకు దగ్గర ఇంకా ఎక్కువ, సుమారు వోల్టున్నర, పోతూ ఉండేది. తీగ బల్బుకు పదవ వంతు వోల్టేజి తగ్గితే వెలుగు తగ్గేది పదవ వంతు కాదు, ఇంచుమించు మూడవ వంతు. అంటే మా పాత బల్బులు బలహీనమైనవి కావు. వాటికి తిండి అందలేదు. తిండి అందని ఎద్దును చూసి "ఇది పనికిరాదు" అని మేము కొత్త ఎద్దును కొన్నాం. కొత్తదీ తూలింది. దానికి గంటలు కట్టాం, కొమ్ములకు రంగు వేశాం. గాటిలో గడ్డి లేదన్న సంగతి ఎవరూ చూడలేదు. పదివేల అయిదువందల రూపాయల ఈ పురాణానికి మూలం ఒక బోల్టు మీది చిలుము. పాత బల్బు గుట్టు దాచింది, కొత్త బల్బు గుట్టు రట్టు చేసింది, మేము గుట్టు చెప్పినదాని నోరు నొక్కడానికి డబ్బాలు కొన్నాం.

దీనిమీద వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మా అల్లుడు గారే మొదట వేశారు. వీడియోల్లో అందరూ డీకోడరే చెబుతున్నారని. చెబుతున్నవారి బండి వేరు, దారి వేరు, రోగం వేరు. పైగా ఆ వీడియో కిందనే ఆ డబ్బా అమ్మకం లంకె ఉంటుంది. అమ్మేవాడే ప్రమాణమైతే ఇక ప్రత్యక్షానుమానాలతో పనేముంది?

రెండవ అభ్యంతరం నా శిష్యుడిది, దాన్ని తేలికగా తీసివేయలేను. "సార్, మీరు నెలకోసారి పోయేటోళ్ళు. చర్ల, వెంకటాపురం దిక్కు రాత్రిళ్ళు జీపు తోలేటోని సంగతి చూడండి. వాని డైనమో ముసలిది, హాలోజెన్ వేస్తే తెల్లారేసరికి బ్యాటరీ పండుకుంటది. అడవిల దున్నలు అడ్డమొస్తయి. వానికి తెల్లలైటు కావాలె." నిజం. అతని అవసరం నిజం. అడవిదారిలో దీపస్తంభాలు వేయని వ్యవస్థను వదిలి జీపువాణ్ణి తిట్టడం పండితుల పని కాదు. కానీ అతనికి కూడా ముందు కావలసింది గట్టి ఎర్తు, బాగైన ఛార్జింగు. ఆ పైన ఎదుటివాడి కన్ను పొడవని దీపం.

ఈ చివరి మాట మీద కొంచెం నిలబడాలి. మిణుకు తగ్గిన తరువాత చాలామంది రోగం తీరిందనుకుంటారు. తీరలేదు. మన హెచ్4 హాలోజెన్ బల్బులో డిమ్ము వెలుగు ఇచ్చే తీగ కింద ఒక చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఆ దొప్ప, ఆ తీగ ఉన్న చోటు, చుట్టూ ఉన్న అద్దపు గిన్నె వంపు, మూడూ ఒకదానికోసం ఒకటి కొలిచి చేసినవి. వెలుగు రోడ్డు మీద పడాలి, ఎదుటివాడి కంట్లో పడరాదు. ఆ గిన్నెలో ఎల్‌ఈడీ గుచ్చితే వెలుగుచుక్కలు తీగ ఉన్న చోట సరిగ్గా ఉండాలి. వెంట్రుకవాసి జరిగినా, బల్బు కొంచెం తిరిగి బిగిసినా, వెలుగు చెట్ల కొమ్మలకూ ఎదుటి మనిషి ముఖానికీ చిమ్ముతుంది. జర్మనీలో 2020లో మొదటిసారి ఇటువంటి ఎల్‌ఈడీ బల్బులకు అనుమతి ఇచ్చినప్పుడు కూడా, ఫలానా బల్బు ఫలానా బండి దీపంలో మాత్రమే అని పరీక్షించి పట్టీ ప్రకటించి ఇచ్చారు. మన దగ్గర? డబ్బా మీద ఎన్ని సున్నాలుంటే అంత గొప్ప.

మన 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 106వది ఈ విషయమే చెబుతుంది. దీపానికి ఎనిమిది మీటర్ల దూరంలో, నేలకు మీటరున్నర ఎత్తున ఉన్న కన్ను చెదరరాదని. మీటరున్నర ఎత్తు ఎవరిదో ఆలోచించారా? కారులో కూర్చున్నవాడిది కాదు. నడిచిపోయే మనిషిది. ముక్కోటికీ నవమికీ భద్రాచలం నడిచివచ్చే తల్లిది, సంత నుండి గూడేనికి తిరిగిపోయే కోయ ముసలివాడిది. ఆ నిబంధన వ్రాసినవాడెవరో కానీ వానికి నడిచేవాళ్ళు కనబడ్డారు. బల్బు తయారుచేసినవాడికీ, అమ్మినవాడికీ, కొన్న మాకూ కనబడలేదు. ఆ రాత్రి ఆ గుంపు మా దీపం ఆరినప్పుడు మాత్రమే ప్రమాదంలో లేదు. వెలిగి ఉన్నంతసేపూ మోచేతులు అడ్డం పెట్టుకొని, దారి అంచు కనబడక, తుప్పల్లో అడుగులు వేస్తూ వచ్చారు. నేను వెనుకసీటులో కూర్చొని ఆ మోచేతులను చూశాను. నమస్కరిస్తున్నారనుకున్నాను.

హాలోజెన్లే ఉంచేశాం. మా అల్లుడు గారికి పూర్తిగా మనసొప్పలేదు. "పక్కవాళ్ళ బండ్ల ముందు మనది గుడ్డిదీపంలా ఉంది మామయ్యా" అంటున్నారు. పక్కవాళ్ళ బండి ముందు తాము నిలబడి చూశారా అని అడిగాను, జవాబు లేదు. డీకోడర్లు, కరిగిన రెసిస్టర్లు నా బల్ల మీద ఉన్నాయి. మనుమరాలు వాటితో రైలుబండి ఆట ఆడుకుంటోంది.

ఈ టపాకు అభ్యంతరం వ్రాయదలచిన మిత్రులకు ఒక్క నియమం పెడుతున్నాను. ఈ రాత్రి చీకటిపడ్డాక మీ బండిని చదునైన నేల మీద నిలబెట్టి, డిమ్ములో దీపం వేయించి, ఎనిమిది మీటర్లు నడిచి వెళ్ళి వెనుదిరిగి నిలబడండి. ఇంట్లో ఒకరిని బానెట్టు తెరిచి వైర్లను నెమ్మదిగా కుదపమనండి. చూసినది చూసినట్లు వ్రాయండి, జవాబిస్తాను.